కృకాటిక మర్మము – తలయు మెడయు కలియు తావు



ఎర్రగుంట్ల ప్రాంతమున పుట్టి పెరిగినవారికి చుట్టకుదురన్న ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. పాతగుడ్డను గుండ్రముగా మెలిపెట్టి నెత్తిపై నుంచి, దానిమీద కడవనో, గంపనో, నాపబండనో నిలుపుదురు. చుట్టకుదురు లేనిచో బరువు నిలువదు. ఉన్నచో మనిషి రెండు చేతులు వదలి గుట్టదారిని సైతము నడచిపోవును. ఇట్టి చుట్టకుదురే మరియొకటి మన శరీరములో ఉన్నది. అది తలకాయకు అడుగున, మెడకు పైకొసన దాగియున్నది. పైనున్న చుట్ట జారినచో కడవ పగులును. లోపలి చుట్ట జారినచో ఏమగునో, ఆ సంగతి మనుష్యులు ఎట్లు కనుగొనిరో, దానికి చికిత్స ఎట్లు ఏర్పడినదో, ఈనాటి ప్రసంగమున చెప్పదలచితిని.

మెడలో ఏడు వెన్నుపూసలు కలవు. అందు మొదటిది తక్కినవానివలె దిమ్మెగా నుండక ఉంగరమువలె నుండును. ఐరోపా వైద్యులు దీనికి అట్లాసు అని పేరిడిరి. గ్రీకుల పురాణకథలలో అట్లాసు ఆకాశమును మోయువాడు. మన ఆదిశేషుడు భూమిని మోసినట్లే. రెండవ పూసకు ఆక్సిస్, అనగా ఇరుసు, అని పేరు. దానిమీదినుండి పన్నువంటి గూటమొకటి పైకి లేచి, మొదటి పూస ఉంగరములోనికి దూరియుండును. తలను క్రిందికి మీదికి ఆడించి 'ఔను' అనునప్పుడు కదలునది తలకును మొదటి పూసకును నడుమనున్న కీలు. అడ్డముగా ఆడించి 'కాదు' అనునప్పుడు ఉంగరము గూటము చుట్టు తిరుగును. మెడ మొత్తము తిరుగు తిరుగుడులో సుమారు సగము ఈ ఒక్క కీలునందే జరుగును. బడిలో ఈ పాఠము చెప్పునపుడు నేను పిల్లలను మొదట ఔననుడు, తరువాత కాదనుడు అని తల లాడింపజేసెడివాడను. ఆ మీద మరచినవాడు లేడు.

క్రింది పూసల నడుమ మెత్తని బిళ్ళలుండును. ఈ రెండు కీళ్ళలో బిళ్ళ లేదు. తాళ్ళవంటి స్నాయువులే ఎముకలను పట్టియుంచును. గూటము వెనుకకు జారి వెన్నుపామును నొక్కకుండ అడ్డముగా కట్టిన స్నాయువొకటి కాపాడుచున్నది. అది తెగినచో అంతయు సడలినట్లే. ఊపిరిని నడపు కండరపు తెరకు పోవు నరము మెడలోని మూడు, నాలుగు, అయిదవ నరమూలములనుండి బయలుదేరును. కావున వాటికి పైన వెన్నుపాము తెగినవానికి కాలు సేతులతో కూడ ఊపిరియు నిలిచిపోవును.

అయినను ఇక్కడ ఒక వింత కలదు. మొదటి పూస ఉంగరము లోపలి చోటులో మూడవవంతు గూటము, మూడవవంతు వెన్నుపాము, మిగిలిన మూడవవంతు ఖాళీ అని వైద్యులు ఒక మోటులెక్క చెప్పుదురు. ఆ ఖాళీ ఉండుటచేత ఎముక విరిగియు వెన్నుపాము నలుగక తప్పించుకొనవచ్చును. అట్టివాడు తనంతట లేచి, రెండు చేతులతో తలను పట్టుకొని, "మెడ పట్టినది" అని నడచి వచ్చును. చర్మముపై గాయము లేదు, రక్తము లేదు. చుట్టునున్నవారు ఏమియు కాలేదనుకొందురు. ఒకడు ఆ మెడను విదిలించును, ఇంకొకడు రుద్దును. అంతవరకు నిలిచియున్న ఎముక అప్పుడు జారును. ఈ గాయము చరిత్ర యంతయు, కంటికి కనబడని దెబ్బను కనుగొనుటకును, కనుగొనువరకు దానిని కదలింపకుండుటకును మనుష్యులు పడిన పాటు చరిత్రయే.

మన సుశ్రుతుడు శారీరస్థానమున 107 మర్మములను చెప్పెను. అందు తలకును మెడకును సంధియైన చోట ఇరుప్రక్కల నున్న రెండింటికి కృకాటికములని పేరు. వానికి దెబ్బ తగిలినచో తల నిలుకడ తప్పి ఆడుచుండునని అతడనెను. మర్మములను ఫలమునుబట్టి అయిదు తరగతులు చేసి, కృకాటికములను వెంటనే ప్రాణము తీయువానిలో చేర్చక, వైకల్యము కలిగించువానిలో చేర్చెను. ఇది నన్ను చిరకాలము ఆలోచింపజేసిన సంగతి. ఇంత ప్రమాదకరమైన తావును సద్యఃప్రాణహరములలో ఏల చేర్చలేదు? అక్కడికక్కడే చచ్చినవాడు వైద్యునివద్దకు రాడు. వచ్చినవాడు బ్రతికి, తల నిలుపలేనివాడు. అట్టివారిని చూచియే ఆ తరగతి నిర్ణయమైనదని నా ఊహ. ఊహయే గాని ప్రమాణము కాదు.

చికిత్సాస్థానమున విరిగినవానికిని తొలగినవానికిని విధులున్నవి. మెడ మెలిపడినను, క్రిందికి దిగబడినను, వైద్యుడు మెడవెనుక గుంటయందును దవడలయందును పట్టి తలను పైకెత్తి, బద్దలుంచి, గుడ్డపట్టీతో చుట్టి, ఏడు రాత్రులు వెల్లకిల పరుండబెట్టవలెనని సుశ్రుతుని మతము. ఆ పట్టు ఎంత సరియైనదో చూడుడు. దవడను, మెడవెనుకను పట్టి నిలువున లాగుట నేటి శస్త్రవైద్యుడును ఎఱిగిన పట్టే. వెల్లకిల పరుండబెట్టుటయు సరియే. ఏడు రాత్రులు మాత్రము చాలవు. ఈ చోట ఎముక అతుకుటకు ఇప్పటి లెక్కను సుమారు మూడు నెలలు పట్టును. ప్రాచీనుడు చెప్పెను గావున ఏడు రాత్రులే చాలునని వాదించుట సుశ్రుతునికి గౌరవము కాదు. శవమును నీటిలో నాననిచ్చి, పొర పొరగా ఒలిచి, కంట చూచి నేర్చుకొనుమని చెప్పినవాడతడే కదా.

ఐగుప్తు దేశమునను ఇట్టి గ్రంథమొకటి దొరికినది. ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశస్థుడు 1862లో లక్సరు పట్టణమున కొన్న తాటాకువంటి రెల్లుకాగితపు చుట్ట అది. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటి ప్రతి. బ్రెస్టెడ్ అను పండితుడు 1930లో దానిని అనువదించి ప్రకటించెను. అందు 48 మంది గాయపడినవారి సంగతులున్నవి. తలక్రిందులుగా పడి ఒక పూస మరియొక పూసలోనికి దిగబడినవాడు అందొకడు. మెడపూస తొలగి తన చేతులను కాళ్ళను తానెఱుగనివాడు మరియొకడు. ఇట్టివానికి ఆ వైద్యుడు మందు వ్రాయలేదు. ఇది చికిత్స చేయదగని వ్యాధి యని వ్రాసెను. ఆ మాట ఇంచుమించు మూడువేల అయిదువందల ఏండ్లు చెల్లినది.

ఇక మన దేశపు కట్టువైద్యులను గూర్చి రెండు మాటలు. చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ – ఇవియే సాధనములు. కాలికి చేతికి విరుగుడు కలిగినప్పుడు రాయలసీమ బీదలు తరతరములుగా అక్కడికి పోవుచున్నారు. ఆ చేతిపట్టును నేను చులుకన చేయను. కాని ముంజేతి ఎముకను వ్రేళ్ళతో తడవి చూడవచ్చును. మెడలోపలి గూటమును ఎవ్వని వ్రేళ్ళును తడవలేవు. దాని ముందు నోరు, గొంతు. వెనుక దట్టమైన కండలు. చేతినేర్పు ఎంతటిదైనను ఈ చోట దానికి కన్ను లేదు.

క్షౌరము ముగిసిన పిదప మెడను రెండు ప్రక్కలకు త్రిప్పి పటుక్కుమనిపించు వాడుక మన పల్లెలలోను బస్తీలలోను కలదు. అది హాయి యని పలువురు కోరి చేయించుకొందురు. మెదడునకు రక్తము కొనిపోవు రెండు నాళములు మెడపూసల రంధ్రములగుండ ఎక్కి, మొదటి పూసను చుట్టి, పుఱ్ఱెలోనికి పోవును. హఠాత్తుగా మెలిపెట్టినపుడు వాని లోపొర చీలి, రక్తము గడ్డకట్టి, పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్యగ్రంథములలో నున్నవి. అవి అరుదే. అయినను శబ్దము కొఱకు మెడను పణము పెట్టనేల?

కనబడని దెబ్బను గూర్చి పెద్ద వివాదము రైళ్ళతో వచ్చినది. మదరాసునుండి మన ఎర్రగుంట్ల మీదుగా పోవు ఇనుపదారి 1871 నాటికి రాయచూరు చేరినది. ఆ దినములలోనే ఇంగ్లండున రైళ్ళు ఢీకొన్నపుడు, ఒంటిపై గీతయైన లేని ప్రయాణికులు మెడయు వెన్నును నొప్పియని, నడువలేమని వ్యాజ్యములు వేసిరి. లండను శస్త్రవైద్యుడు ఎరిక్సన్ 1866లో గ్రంథము వ్రాసి, కుదుపుచేతనే వెన్నుపాము చెడవచ్చునని వారి పక్షమున నిలిచెను. రైలుకంపెనీకి వైద్యుడైన హెర్బర్టు పేజి 1883లో దానిని ఖండించి, వీరిలో పెక్కుమందికి భయమే వ్యాధి యని వ్రాసెను. ఇద్దరిలోను కొంత సత్యము కలదు. కాని చూచుటకు సాధనము లేనప్పుడు ఎవరు గెలిచినను అది వాక్చాతుర్యముచేతనే. బండలు మోయు కూలివాడు "మెడ పట్టినది, దొరా" అన్నచో పని తప్పించుకొన నటించుచున్నాడనుట నేటికిని వినుచున్నాము.

ఈ తావును గూర్చిన మొదటి స్పష్టజ్ఞానము ఉరికొయ్యనుండి వచ్చినదనుట చెవికి కటువైనను నిజము. కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిరి. ఆ కాలమున ఎంత ఎత్తునుండి వదలవలెనను లెక్క లేదు. ఉరియన్న ఎక్కువగా ఊపిరాడక చచ్చుటయే. డబ్లినులోని హాటన్ అను పండితుడు 1866లో పడు ఎత్తునకు గణితము కట్టెను. 1872 మొదలు మార్వుడ్ అను తలారి ఇంగ్లండున దీర్ఘపాతమును వాడుకలోనికి తెచ్చెను. 1913లో వుడ్ జోన్స్ అను శారీరశాస్త్రజ్ఞుడు రంగూను జైలులో ఉరితీయబడినవారి ఎముకలను పరీక్షించి, ముడి గడ్డము క్రింద నున్నప్పుడు రెండవ పూస ఇరుప్రక్కల తెగి విడిపోవునని చూపెను. ఆ రంగూను అప్పుడు హిందూదేశ పరిపాలనలోనిదే. మన తెలుగువారు వేలకొలదిగా కూలికి పోయిన 'రంగము' అదియే. అర్ధశతాబ్దము గడచిన పిదప, 1965లో, అమెరికాలో ష్నైడరును తోటివారును మోటారు ప్రమాదములలో బ్రతికి బయటపడినవారియందు అదే విరుగుడు చూచి, దానికి తలారి విరుగుడని పేరిడిరి. ఉరికొయ్యమీద చంపిన విరుగుడు దారిమీద ఏల చంపలేదు? మోటారులో తల ఒక్కసారి విసరబడి ఆగును. త్రాటికి వ్రేలాడు బరువు మెడను సాగదీయదు. పూస రెండుగా విడిపోవుటచేత లోపలిచోటు విశాలమై వెన్నుపాము తరచు నలుగక మిగులును.

కన్ను మాత్రము 1895 నవంబరులో దొరికినది. వుర్ట్‌స్‌బుర్గులో రాంట్జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. అయినను ఈ తావు వెంటనే లొంగలేదు. ఎదురుగా తీసిన పటమున దవడయు పళ్ళును అడ్డము వచ్చును. అందుచే రోగిచేత నోరు తెరిపించి, తెరచిన నోటిగుండ గూటమును పటము తీయు ఉపాయము ఏర్పడినది. మాంచెస్టరు శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ 1920లో మొదటి పూస విరుగుళ్ళను సమీకరించి ఒక వ్యాసము ప్రకటించెను. నెత్తిపై నిలువుగా బరువు పడినపుడు తల క్రిందికి దిగి ఉంగరమును నాలుగువైపులకు పగులగొట్టునని అతడు వివరించెను. చుట్టకుదురు మీద బండ ధబాలున పడినట్లే. ముక్కలు వెలుపలికి పోవుటచేత ఖాళీ పెరిగి వెన్నుపాము దక్కును. అట్టివాడు నడచి వచ్చుటలో ఆశ్చర్యము లేదని ఆనాడు తెలిసినది. 1971లో హౌన్స్‌ఫీల్డు యంత్రముతో లండనులో మొదటి సి.టి. పటము తీసిన తరువాత ఈ ప్రదేశమును పొర పొరగా కోసి చూచినట్లే చూడగలుగుచున్నారు. స్నాయువులు తెగినవో లేదో ఎం.ఆర్.ఐ. చెప్పును.

చికిత్స అంచెలంచెలుగా నడచినది. తలకు ఇరుప్రక్కల ఇసుకసంచు లుంచుట, తోలుపట్టెతో గడ్డము పట్టి లాగుట మొదటి దశ. బోస్టనులో మిక్స్‌టరు, ఆస్‌గుడ్ అనువారు 1910లో మొదటి రెండు పూసలను పట్టుదారముతో కట్టిరి. టొరంటో వైద్యుడు గాలీ 1939లో తీగతో కట్టి ఎముకముక్క నతికెను. ఈ రెంటి నడుమ, 1933లో, క్రచ్‌ఫీల్డు పుఱ్ఱెలో పటకారు నాటి బరువు వ్రేలాడదీయుట నేర్పెను. పెర్రీ, నికెల్ అనువారు 1959లో తలచుట్టు ఇనుపవలయము బిగించి దానిని ఛాతికవచమునకు కలిపిరి. దానిచే రోగి మంచము విడిచి తిరుగగలిగెను. దక్షిణదేశమున 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జేకబ్ చాండీ నరశస్త్రవైద్యశాఖను నెలకొల్పెను. మరుసటి యేడు మదరాసులో రామమూర్తియు ఈ పని ప్రారంభించెను. మన సీమ రోగులకు ఆ రెండు ఊళ్ళు చిరకాలము దిక్కు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు అతుల్ గోయల్ 1994లో ప్రకటించిన పద్ధతి అన్నిటికంటె మనము గుర్తుంచుకొనదగినది. మొదటి పూస ప్రక్కదిమ్మెలలోను రెండవ పూసలోను మరలు బిగించి పలకలతో కలుపుట ఆ పద్ధతి. జర్మనీ వైద్యుడు హార్మ్స్ 2001లో దానికి కొంత మార్పు చేసెను. నేడు లోకమంతట ఇద్దరి పేర్లు కలిపి దానిని పిలుచుచున్నారు. ఐగుప్తు వైద్యుడు వదలివేసిన గాయమునకు ఇప్పుడు రోగి లేచి కూర్చుండు ఉపాయమున్నది. కాని నలిగి చచ్చిన వెన్నుపామును బ్రతికించు ఉపాయము ఇంకను లేదు. అందుకే మొదటి గంటలో మెడ నెవరు ఎట్లు పట్టిరన్నది శస్త్రవైద్యుని నేర్పుకంటె ముందు వచ్చు ప్రశ్న.

తెలుగుదేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి చెప్పవలసియున్నది. నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడుచే ఎముకలు చెడు వ్యాధిని షార్టును తోటివారును 1937లో ప్రకటించిరి. ఈ వ్యాధియందు స్నాయువులు ఎముకవలె గట్టిపడి, మెడ కొయ్యబారి, వెన్నుపాము గొట్టము ఇఱుకగును. మొదట చెప్పిన ఆ ఖాళీ ఇట్టివానికి మిగులదు. తక్కినవానికి తుడిచి లేచిపోదగిన చిన్నపాటు ఇతనికి కాలుసేతులు పడిపోవుటకు చాలును. హైదరాబాదు నరశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఈ విషయమును దీర్ఘకాలము పరిశీలించి వ్రాసెను. పాతనాణెముల చరిత్ర వ్రాసినవాడుగా కూడ ఆయన మనకు పరిచితుడే. ఫ్లోరైడు నీరు త్రాగు పల్లెలలో వృద్ధుడు జారిపడినచో అది చిన్నదెబ్బ యని తలపరాదు.

ఎవరికి మెడపటము తీయవలెను, ఎవరికి అక్కరలేదు? అమెరికాలో 34,069 మంది గాయపడినవారిని పరీక్షించి 2000లో ప్రకటించిన పరిశోధన అయిదు ప్రశ్నల నేర్పరచినది. మెడవెనుక నడిమిని నొక్కిన నొప్పి యున్నదా? త్రాగియున్నాడా? తెలివి తప్పియున్నదా, లేక మందముగా నున్నదా? కాలుసేతులలో తిమ్మిరియో బలహీనతయో కలదా? మెడనొప్పిని మరపించునంతటి నొప్పిగల వేఱు గాయమున్నదా? అన్నిటికి లేదన్నప్పుడే పటము మానవచ్చును. చివరి ప్రశ్న గొప్పది. గనిలో బండ జారి తొడ విరిగినవాడు తొడనే చెప్పును. మెడమాట వానికి తోపదు. అడుగువాడు అడుగవలెను. ఇవి వైద్యుని ప్రశ్నలు. మనకు వలసినది ఇంతకంటె చిన్నది: నెత్తిపై బరువు పడినవానిని, తలక్రిందుగా పడినవానిని, బావిలో దుమికి అడుగున తల తాకినవానిని, మోటారుసైకిలు మీదినుండి విసరబడినవానిని మెడ విరిగినవానిగానే ఎంచి పట్టవలెను.

పట్టుట యెట్లు? చేతులు కాళ్ళు పట్టి ఎత్తి జీపులో కూలవేయరాదు. కూర్చుండబెట్టరాదు. తలక్రింద దిండు పెట్టరాదు. నీళ్ళు త్రాగింపరాదు. ఒకడు తలవైపు మోకరించి, రెండరచేతులతో తలను ఇరుప్రక్కల పట్టి, ముక్కును బొడ్డును ఒక వరుసలో నుంచి, బండి వచ్చువరకు అట్లే ఉండవలెను. ఊపిరి ఆడనిచో మాత్రము ఊపిరియే ముందు. అప్పుడును తలను వెనుకకు వంచక దవడను ముందుకు లేపవలెను. ప్రక్కకు పొరలింపవలసినచో నలుగురు కలిసి, తల పట్టినవాని మాట మీద, దుంగను పొరలించినట్లు ఒక్కుమ్మడిగా పొరలింపవలెను. కదలింపక తప్పనిచో తలుపురెక్క మంచిసాధనము.

108 బండ్లు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై పిదప పల్లెలకు వచ్చినవి. వానిలో మెడపట్టీ యుండును, దానిని వేయనేర్చినవారుందురు. కడపలో 2006 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. బండి వచ్చినపుడు ఎట్లు పడెను, ఎంత ఎత్తునుండి పడెను, పడినవెంటనే కాలుసేతులు కదలించెనా, ఈ మూడు మాటలు చూచినవాడే చెప్పి పంపవలెను. దారిలో రోగికి తెలివి తప్పవచ్చును. తలపై హెల్మెట్టు ఉన్నచో ఒక్కడు లాగివేయరాదు. ఒకడు క్రిందినుండి మెడను దవడను కదలకుండ పట్టియుండగా, రెండవవాడు ప్రక్కలకు విప్పదీసి మెల్లగా పైకి తీయవలెను. ఇద్దరు లేనిచో దానిని అట్లే ఉంచి పంపవలెను.